అంతులేని తొమ్మిదులు, ఒక పూర్ణాంకం

మహారాష్ట్రలో నాసిక్ పక్కన దేవళాలి అనే ఊరుంది. 1930 నుంచి 1962 దాకా అక్కడి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్‌కు గణితంలో పీజీ పట్టా లేదు, విశ్వవిద్యాలయంలో కొలువూ లేదు. పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో చదివే రోజుల్లో, 1927లో, రాంగ్లర్ పరాంజపే పేరిట ఇచ్చే గణిత బహుమతి మాత్రం గెలుచుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా అంకెలతోనే గడిపారు. 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో ఆయన ప్రకటించిన 6174 అనే సంఖ్యను ఇవాళ ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది. అంతగా పేరు రాని ఇష్టం ఆయనకు ఇంకొకటి ఉండేది. అది ఆవర్తిత దశాంశాల మీద. భాగహారం ఎంతకీ తెగక, అవే అంకెలు అదే వరసలో మళ్లీ మళ్లీ వచ్చే భిన్నాలంటే ఆయనకు ప్రాణం. వాటి చక్రాల మీద పుస్తకం కూడా రాశారు.

ఈ స్మారకోపన్యాసం ఆ బడిపంతులు స్మృతికి. విషయం ఆయన ప్రేమించిన అంకెల్లోంచే తీసుకున్నది. ఆవర్తిత దశాంశం ఒక పూర్ణాంకానికి సమానం కాగలదా? సున్నా పాయింట్ తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అంటూ ఆగకుండా పోయే 0.999… చివరికి 1 అవుతుందా, 1కి వెంట్రుకవాసి ఇవతలే ఉండిపోతుందా?

జవాబు ముందే చెప్పేయడం మంచిది. అవుతుంది. సుమారుగానో, ఇంచుమించుగానో కాదు, సరిగ్గా 1 అవుతుంది. గణితంలో దీని మీద తగవేమీ మిగల్లేదు. తగవంతా మనసులో ఉంది. ఆ మనసు ఎందుకు మొరాయిస్తుందో, అందులో న్యాయం ఎంతవరకు ఉందో చూడకుండా జవాబు ఒక్కటే అప్పజెప్పితే చెప్పినవాళ్లకూ విన్నవాళ్లకూ మిగిలేది ఏమీ ఉండదు.

ముందుగా ఏడుతో మొదలుపెట్టాలి. 1ని 7తో భాగిస్తే ఏం జరుగుతుందో కాగితం మీద చూడండి. పదిలో ఏడు ఒకసారి పోతుంది, శేషం 3. ముప్ఫైలో నాలుగుసార్లు, శేషం 2. ఇరవైలో రెండుసార్లు, శేషం 6. అరవైలో ఎనిమిదిసార్లు, శేషం 4. నలభైలో అయిదుసార్లు, శేషం 5. యాభైలో ఏడుసార్లు, శేషం 1. ఎక్కడ బయలుదేరామో అక్కడికే వచ్చాం. ఇకపైన జరగబోయేదంతా ఇంతకుముందు జరిగినదే. శేషాలుగా 1 నుంచి 6 వరకే రాగలవు, ఆరూ ఒక్కోసారి వచ్చేశాయి, ఏడో అడుగులో పాతది తిరిగి రాక తప్పదు. అందుకే 1/7 అంటే 0.142857142857… అని అంతులేకుండా సాగుతుంది. ఏ అకరణీయ సంఖ్య దశాంశమైనా ఒకచోట ఆగిపోవడమో ఇలా తిరగడమో జరగడానికి కారణం ఇంతే.

ఇప్పుడు ఆ 142857ను 7తో గుణించండి. 999999 వస్తుంది. 1/7ను ఏడు రెట్లు చేస్తే 1 కావాలి. దాని దశాంశాన్ని ఏడు రెట్లు చేస్తే 0.999999… వచ్చింది. రెండూ ఒకే సంఖ్యకు ఏడు రెట్లు. 1/7కు ఆ దశాంశం సరైనదేనని ఒప్పుకున్నవాళ్లు 0.999… ఒకటేనని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకోనంటే 1/7నూ, 0.333…ను 1/3 అనడాన్నీ కూడా వదులుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలు 0.2727…ను 3/11గా మార్చేటప్పుడు మధ్యలో 27/99 అని రాస్తారు. ఆ 99 ఎక్కడిది? తిరిగే అంకెలు రెండుంటే కింద రెండు తొమ్మిదులు, ఆరుంటే ఆరు తొమ్మిదులు. ఏ ఆవర్తిత దశాంశం హారాన్ని విప్పి చూసినా ఈ తొమ్మిదులే కనిపిస్తాయి. పిల్లలకు వింతగా తోచే 0.999… నిజానికి ఆవర్తిత దశాంశాల కుటుంబం మొత్తానికీ మూలస్తంభం.

ఈ అంకెల మీద మోజు కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో, లబ్ధం చూడటానికి పూలదండలా కనిపించే గుణకారాలు కొన్ని ఉన్నాయి. అందులో 142857143ని 7తో గుణించమనే లెక్క ఒకటి. జవాబు 1000000001, అటూ ఇటూ ఒకట్లు, మధ్యలో సున్నాలు వరసగా గుచ్చినట్టు. 12345679ని 9తో గుణించి తొమ్మిది ఒకట్లు తెప్పించే లెక్క మరొకటి. ఆ పుస్తకాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మహావీరుడు గానీ మల్లన గానీ దశాంశ బిందువు పెట్టి భిన్నాలు రాయలేదు. కానీ ఏడో ఎక్కంతో గుచ్చిన ఆ దండలో ఈ 142857 దాగి ఉంది. మన భాషలో గణితం ఇలాంటి అంకెలతోనే నడక నేర్చిందని తెలుగువాళ్లు గుర్తుంచుకోవాలి.

కాప్రేకర్ అభిరుచిలో పాలుపంచుకునేవాళ్లకు ఇంకో రెండు సంగతులు. 142857ను సగానికి విడగొట్టి కలిపితే, 142కు 857 కలిపితే, 999 వస్తుంది. 1/17లో తిరిగే పదహారు అంకెలను అలాగే విడగొడితే 05882352, 94117647. కూడితే ఎనిమిది తొమ్మిదులు. హారం ప్రధాన సంఖ్య అయి, తిరిగే అంకెలు సరిసంఖ్యలో ఉంటే ఎప్పుడూ ఇంతేనని 1836లో మిది అనే ఫ్రెంచి గణితజ్ఞుడు చూపించాడు. ఇక రెండోది. 142857 వర్గం 20408122449. దాన్ని 20408, 122449 అని విడగొట్టి కూడితే మళ్లీ 142857 దొరుకుతుంది. ఈ గుణమున్న సంఖ్యలకే కాప్రేకర్ సంఖ్యలని పేరు. 9, 99, 999 కూడా అవే. 999 వర్గం 998001, 998కి 1 కలిపితే 999.

ఇక మొరాయించే మనసు సంగతి.

1978లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ టాల్, రోల్ఫ్ ష్వార్జెన్‌బర్గర్ అనే ఇద్దరు అధ్యాపకులు గణితం చదవడానికి వచ్చిన మొదటి ఏడాది విద్యార్థులు ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబులను ప్రచురించారు. సున్నా పాయింట్ తొమ్మిది ఆవర్తితం ఒకటికి సమానమా, ఒకటి కంటే కాస్త తక్కువా అన్నది ప్రశ్న. ఎక్కువమంది తక్కువేనన్నారు. వీళ్లు లెక్కలంటే భయపడేవాళ్లు కాదు, లెక్కలనే ఎంచుకుని వచ్చినవాళ్లు. మన దేశంలో చాలా ఏళ్లపాటు ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణిత పుస్తకం మొదటి అధ్యాయంలోనే పిల్లలను 0.99999…ను భిన్నంగా రాయమనేది, జవాబు చూసి ఆశ్చర్యం కలిగిందా అని కూడా అడిగేది. ఆ ఆశ్చర్యాన్ని పుస్తకమే ఊహించి గౌరవించిందన్నమాట. చాలా తరగతి గదుల్లో మాత్రం ఆ ఆశ్చర్యానికి మూడు వరసల్లో మంగళం పాడేస్తారు.

ఆ మూడు వరసలు అందరికీ తెలిసినవే. సంఖ్యను ఎక్స్ అనుకో. పది రెట్లు చేస్తే 9.999…. అందులోంచి ఎక్స్ తీసేస్తే తొమ్మిది ఎక్స్‌లు 9కి సమానం. కాబట్టి ఎక్స్ ఒకటి. పిల్లవాడు నోట్సులో రాసుకుంటాడు, మార్కులు తెచ్చుకుంటాడు, లోపల మాత్రం నమ్మడు. పదితో గుణించినప్పుడు చివర ఒక తొమ్మిది తగ్గి సున్నా రావాలి కదా అనే అనుమానం అలాగే ఉంటుంది. చివర అనేది లేదు, అందుకే రాదు అని ఎవరైనా విడమరిచి చెబితే ఆ అనుమానం తీరుతుంది.

అయితే ఆ మూడు వరసల్లో అంతకంటే లోతైన లోటు ఒకటుంది. తొమ్మిదులను కుడికి కాకుండా ఎడమకు అంతులేకుండా రాయండి: …999. దీన్ని ఎక్స్ అనుకుని పది రెట్లు చేస్తే …9990. అది ఎక్స్ కంటే 9 తక్కువ. అంటే తొమ్మిది ఎక్స్‌లు మైనస్ 9, ఎక్స్ విలువ మైనస్ 1! తొమ్మిదులు ఎన్ని పేర్చినా పెరిగే సంఖ్య సున్నా కంటే తక్కువైంది. మామూలు సంఖ్యల లోకంలో ఇది అసంబద్ధం, అక్కడ …999 అనే సంఖ్యే లేదు. కానీ 1897లో కుర్ట్ హెన్సెల్ అనే జర్మన్ గణితజ్ఞుడు మొదలుపెట్టిన మరో తరహా సంఖ్యల్లో ఇలాంటి లెక్కకు అర్థముంది. కంప్యూటర్ లోపల కూడా ఇదే పద్ధతి: గడులన్నీ ఒకట్లతో నింపితే అది మైనస్ 1 కింద లెక్క. ఎక్స్ అని పేరు పెట్టగానే అక్కడ ఒక సంఖ్య ఉన్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ముందు ఆ రాతకు అర్థమేమిటో చెప్పాలి. తర్వాతే కూడికలూ తీసివేతలూ.

అర్థం ఇది. 0.9, 0.99, 0.999 అంటూ పోయే మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టూ 1 కంటే తక్కువే. మొదటిది పదోవంతు తక్కువ, రెండోది నూరోవంతు, మూడోది వెయ్యోవంతు. ఏ మెట్టు దగ్గర ఆగినా 1 కాలేదు. పిల్లవాడి మనసు చూస్తున్నది ఈ మెట్లనే, చూసింది నిజమే కూడా. కానీ 0.999… అనే రాత ఏ ఒక్క మెట్టుకూ పేరు కాదు. ఆ మెట్లన్నీ ఏ సంఖ్యకు కావలసినంత దగ్గరగా పోతాయో ఆ సంఖ్యకు పేరు. ఇంటర్ పుస్తకాల మాటలో అది అవధి. అలాంటి సంఖ్య ఒకటే ఉంటుంది, అది 1. 1 కంటే తక్కువైన ఏ భిన్నాన్నైనా తీసుకోండి, పది లక్షల్లో ఒక వంతు మాత్రమే తక్కువున్న దాన్ని తీసుకున్నా సరే, ఏడో తొమ్మిది దగ్గర మెట్లు దాన్ని దాటేస్తాయి. 1 కంటే కిందున్న ప్రతి సంఖ్యనూ మెట్లు దాటుతాయి, 1ని మాత్రం ఎప్పటికీ దాటవు. కాబట్టి 1కీ 0.999…కీ మధ్య జాగా లేదు. సంఖ్యారేఖ మీద రెండు వేరువేరు బిందువులుంటే వాటి మధ్య సగటు అనే మూడో బిందువు ఉండి తీరాలి. ఇక్కడ దాన్ని నిలబెట్టే చోటు లేదు.

సరిగ్గా ఈ ప్రశ్ననే కేరళలో నీలకంఠ సోమయాజి ఎదుర్కొన్నాడు. ఆర్యభటీయానికి పదహారో శతాబ్దపు తొలి ఏళ్లలో రాసిన భాష్యంలో ఆయన నాలుగోవంతు, అందులో నాలుగోవంతు, మళ్లీ అందులో నాలుగోవంతు అంటూ అంతులేకుండా కలుపుతూ పోతే మొత్తం మూడోవంతు అవుతుందని చూపించాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ మొత్తం అక్కడిదాకానే పెరుగుతుందని, అక్కడిదాకా తప్పకుండా పెరుగుతుందని ఎలా తెలుసు అని తనే ప్రశ్న వేసుకుని జవాబు చెప్పాడు. దాటదు అన్నది ఒక సగం, అందకుండా ఆగదు అన్నది రెండో సగం. రెండూ విడివిడిగా నిరూపించాలని గుర్తించడంలోనే ఆ మేధస్సు కనిపిస్తుంది. 0.999… గురించి పిల్లలకు చెప్పవలసిన పాఠమంతా ఆ ప్రశ్నలో ఉంది.

యూరపులో దశాంశ భిన్నాలను వర్తకులకూ భూమి కొలిచేవాళ్లకూ అందేలా 1585లో సైమన్ స్టెవిన్ చిన్న పుస్తకం రాశాడు. చూపు దాదాపు పూర్తిగా పోయాక చెప్పి రాయించి, 1770లో అచ్చయిన బీజగణిత పుస్తకంలో ఆయిలర్ 9.999… సరిగ్గా 10కి సమానమని గుణశ్రేఢి మొత్తంతో చూపించాడు. అవధికి గట్టి పునాది వేసే పని 1821లో కోషీ పుస్తకంతో ఊపందుకుంది. వాస్తవ సంఖ్య అంటే అసలేమిటో డెడెకిండ్, కాంటర్ ఇద్దరూ 1872లోనే వేరువేరుగా నిర్వచించారు. ఆయిలర్ జవాబు మారలేదు, దాని కింద నేల గట్టిపడింది.

నేల గట్టిదని తెలిశాక భాగహారంతోనే ఇంకో చిత్రం చూపించవచ్చు. 1ని 1తో భాగించండి, కానీ మొదటి అడుగులో ఒకసారి పోతుందని రాయకుండా సున్నా అని రాయండి. శేషం 1. పక్కన సున్నా దించితే 10. అందులో తొమ్మిదిసార్లే తీయండి, శేషం మళ్లీ 1. మళ్లీ 10, మళ్లీ తొమ్మిది, మళ్లీ శేషం 1. పైన 0.999… అని పేరుకుంటూ పోతుంది. ప్రతి అడుగులోనూ మిగిలే ఆ 1 విలువ మాత్రం పదోవంతు, నూరోవంతు, వెయ్యోవంతు అని కరిగిపోతుంది. భాగించింది 1ని, భాగించింది 1తో. జవాబు 1 కాకుండా ఎలా ఉంటుంది? నల్లబల్ల మీద ఇది చూపించిన తర్వాత తరగతిలో మొదలయ్యే వాదన విని తీరవలసిందే.

మెట్టు దగ్గర ఆగడానికీ అంతులేకుండా సాగడానికీ ఉన్న తేడా ప్రాణాల మీదికి తెచ్చిన ఉదంతం ఒకటుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికన్ సైన్యపు పేట్రియట్ క్షిపణి వ్యవస్థ దూసుకొస్తున్న ఇరాకీ స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం సెకనులో పదోవంతుల చొప్పున లెక్కపెట్టేది. మనకు 0.1 అని ఒక్క అంకెతో తెగిపోయే పదోవంతు, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో తెగదు, 0.000110011… అని తిరుగుతూనే ఉంటుంది. 24 బిట్ల గడిలో పట్టినంత ఉంచి మిగతా తోక కోసేశారు. ఒక్కో లెక్కలో పోయింది సెకనులో కోటోవంతు కూడా కాదు. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి అది మూడోవంతు సెకను అయింది. అంతసేపట్లో స్కడ్ అర కిలోమీటరు దాటి ప్రయాణిస్తుంది. తోక కోసిన సంఖ్య వేరు, తోక ఉన్న సంఖ్య వేరు. ఎన్ని తొమ్మిదులు రాసినా ఆపేస్తే 1 కాదనే పిల్లవాడు ఇక్కడ నూటికి నూరుపాళ్లు ఒప్పు.

అనంతంగా చిన్నదైన తేడా ఒకటి ఉండవచ్చు కదా అనే వాదనా ఉంది. దానికీ గౌరవప్రదమైన చోటు దొరికింది. 1960లలో అబ్రహాం రాబిన్సన్ అలాంటి అత్యల్ప సంఖ్యలను కలుపుకుని, ఎక్కడా వైరుధ్యం రాని సంఖ్యావ్యవస్థను నిర్మించాడు. అందులో తొమ్మిదులను ఒక అనంత స్థానం దగ్గర ఆపితే వచ్చే సంఖ్య 1 కంటే అత్యల్పంగా తక్కువ ఉంటుంది. కానీ అక్కడ కూడా, ఎక్కడా ఆపని 0.999… విలువ 1. ఆ వ్యవస్థను ఆసరాగా తీసుకుని మామూలు దశాంశాన్ని కాదనడం కుదరదు.

ఒకే సంఖ్యకు రెండు రాతలు ఉండటం కొందరికి ఇబ్బందిగా తోస్తుంది. బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు, ఇంట్లో బుజ్జి అయినంత మాత్రాన పిల్లలు ఇద్దరైపోరు. 0.5 కూడా అంతే, 0.4999… అని రాయవచ్చు. అంతమయ్యే ప్రతి దశాంశానికీ, ఒక్క సున్నాకు తప్ప, ఇలా రెండో రూపం ఉంది. 1/3కు లేదు, 1/7కు లేదు. తొమ్మిదికేమీ ప్రత్యేక మహిమ లేదు కూడా. రెండు అంకెలతో లెక్కపెట్టేచోట 0.111…, మూడు అంకెలతో లెక్కపెట్టేచోట 0.222… ఒకటి అవుతాయి. వాస్తవ సంఖ్యలను వరసపెట్టి లెక్కించలేమని 1891లో కాంటర్ ఇచ్చిన ప్రసిద్ధమైన వికర్ణ నిరూపణను దశాంశాలతో చెప్పేటప్పుడు గణితజ్ఞులు ఈ రెండు రూపాల వల్ల జాగ్రత్తపడతారు. కొత్త సంఖ్యను తయారుచేసేటప్పుడు 0, 9 అంకెలను పక్కన పెడతారు. లేకపోతే కొత్తదనుకున్నది పాతదానికే రెండో రూపం కావచ్చు.

0.999… విషయం తేలిపోయింది. ఆవర్తిత దశాంశాల్లో అన్నీ తేలిపోలేదు. 7 లాగా, హారం కంటే ఒకటి తక్కువ సంఖ్యలో అంకెలు తిరిగే ప్రధాన సంఖ్యలు వంద లోపల తొమ్మిది ఉన్నాయి: 7, 17, 19, 23, 29, 47, 59, 61, 97. తిరిగే అంకెల తీరును 1801లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, గౌస్ తన గొప్ప గ్రంథంలో వివరించాడు. ఇలాంటి ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉంటాయని, మొత్తం ప్రధాన సంఖ్యల్లో వందకు ముప్ఫై ఏడు చొప్పున తగులుతాయని 1927లో ఎమిల్ ఆర్టిన్ ఊహించాడు. 1967లో క్రిస్టఫర్ హూలీ దాన్ని నిరూపించాడు గానీ, ఇంకా నిరూపణ కాని రీమన్ పరికల్పన విస్తృత రూపాన్ని నిజమనుకుని. ఏ షరతూ లేని నిరూపణ నేటికీ లేదు.

అందుకే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. 0.999… పాఠం వచ్చిన రోజున ఎక్స్ లెక్కకు ముందు పిల్లల చేత 1/19ని చేత్తో భాగించించండి. పద్దెనిమిది అంకెల తర్వాత శేషం మళ్లీ 1 అయ్యేదాకా ఆపనివ్వకండి. వచ్చిన 052631578947368421ని 19తో గుణించమనండి. పద్దెనిమిది తొమ్మిదులు వరసగా వచ్చాక, ఇవి ఇక్కడే ఆగిపోతే ఏమవుతుంది, ఆగకపోతే ఏమవుతుంది అని అడగండి. ఒకటి కంటే తక్కువే అని పట్టుబట్టే పిల్లవాణ్ని కూర్చోమనకండి, ఎంత తక్కువో చెప్పమనండి. ఆ తరగతికి మిగిలిన పీరియడంతా ఇచ్చేయండి.